రింగు కోసం కాలేజీకెళ్ళిన మెకానిక్

పాత మోటారు సైకిలు ఇంజను విప్పి బిగించడం నాకు సరదా. ఆ పనిలో చవకైన వస్తువు ఆయిల్ సీలు. తిరిగే షాఫ్టు చుట్టూ కూర్చుని నూనెను లోపలే ఆపే రబ్బరు రింగు అది. స్ప్రింగు కనబడే వైపు నూనె వైపుకి ఉండాలి. అంచుకి కాస్త నూనె రాయాలి. ఒక పక్కనే సుత్తితో కొడితే వంకరగా దిగుతుంది. సరిపడే గొట్టం ఆనించి సమంగా నొక్కాలి. షాఫ్టు మీద గాడి పడి ఉంటే ఎన్ని కొత్త సీళ్ళు వేసినా నూనె కారుతూనే ఉంటుంది. అసలు కారణం పట్టుకోవాలి. ఈ మాట అనుకున్నప్పుడల్లా నాకు సోయిచిరో హోండా గుర్తుకొస్తారు.

ఆయన 1906లో జపానులోని హమమత్సు దగ్గర ఒక పల్లెలో పుట్టారు. తండ్రి కమ్మరి. 1922లో టోక్యోలో ఒక మోటారు రిపేరు షాపులో పనికి చేరితే, మొదట్లో దొరికిన పని యజమాని బిడ్డని ఆడించడం! ఓర్చుకుని పని నేర్చుకున్నారు. 1928లో సొంత ఊరి వైపు తిరిగొచ్చి అదే షాపు శాఖ తెరిచారు.

షాపు బాగా నడుస్తుండగా పిస్టన్ రింగులు తయారుచేయాలని బుద్ధి పుట్టింది. మండే వాయువును పైన ఆపి, సిలిండరు గోడ మీది నూనెను కిందికి గీసేది ఆ రింగే. ఎన్ని పోతపోసినా పనికి రాలేదు. చేతిలో పనితనం ఉంది గాని లోహాల చదువు లేదు. అందుకని సుమారు 30 ఏళ్ళ వయసులో, అప్పటికే నలుగురికి పని ఇస్తున్న మనిషి, హమమత్సు సాంకేతిక కళాశాలలో కుర్రాళ్ళ మధ్య కూర్చున్నారు. తనకు కావలసిన పాఠాలే విన్నారు. పరీక్షలు రాయలేదు, పట్టా రాలేదు. టొయోటా వారికి చూపించిన 50 రింగుల్లో నెగ్గినవి 3. మళ్ళీ మొదలుపెట్టి, చివరికి వారికే సరఫరా చేశారు.

యుద్ధం, 1945 భూకంపం ఫ్యాక్టరీని దెబ్బతీశాయి. మర్నాటి ఏడాది సైన్యం వదిలేసిన చిన్న ఇంజన్లని సైకిళ్ళకి బిగించి అమ్మారు. 1948లో హోండా కంపెనీ పుట్టింది. 1961లో ఐల్ ఆఫ్ మాన్ పందెంలో 125, 250 సి.సి. తరగతులు రెండూ హోండా బళ్ళే గెలిచాయి.

ఇక నూనె సంగతి. అప్పటి బ్రిటిష్ ట్విన్ బళ్ళలో క్రాంక్‌కేసు నిలువుగా రెండు ముక్కలు. అతుకు అడుగుదాకా ఉండటంతో నూనె కారడం మామూలే. 1969 నాటి హోండా సీబీ 750లో దాన్ని అడ్డంగా విడదీశారు. అసలు అతుకు నూనె నిలిచే చోటికి పైకొచ్చింది. కారేచోట మందు పూయడం కాదు, కారణాన్నే తీసేయడం.

ఆయన 1973లో పదవి వదిలారు, 1991లో కన్నుమూశారు.

మిత్రులారా, పట్టా వద్దని నేననను. ఉద్యోగానికి అది కావాలి. కాని ఆయన ఒక ప్రశ్న జేబులో పెట్టుకుని క్లాసుకి వెళ్ళారు. మనం ఏం పెట్టుకుని వెళుతున్నాం?