తుర్రంఖాన్ మనోడే

అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల దగ్గరైనా, చిక్కడపల్లి లైబ్రరీలోనైనా ఎవడైనా ఫోజు కొడితే, పెద్ద తుర్రంఖాన్ వచ్చాడనే మాట వింటూనే ఉంటాను. ఆ పేరు వెనక తుర్రేబాజ్ ఖాన్ ఉన్నాడు.

మన నారాయణగూడకి దగ్గర్లోనే, కోఠిలో బ్రిటిష్ రెసిడెన్సీ ఉండేది. ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం. బ్రిటిషోళ్లకు అప్పగించిన చీదాఖాన్‌ను విడిపించాలని 1857 జూలై 17న మౌల్వీ అల్లావుద్దీన్‌తో కలిసి తుర్రేబాజ్ దానిమీద దాడి చేశాడు. ఫిరంగుల ముందు నిలవలేకపోయారు.

పట్టుబడ్డాక యావజ్జీవ ద్వీపాంతర శిక్ష పడింది. 1859 జనవరిలో జైలు నుంచి తప్పించుకున్నాడు. వారం తిరక్కముందే తూప్రాన్ దగ్గర చంపేసి, శవాన్ని నగరంలో వేలాడదీశారు.

తెల్లదొరల మీద తిరగబడటమే ఆయన నేరం. స్వాతంత్ర్యం వచ్చాక కోఠిలో ఓ రోడ్డుకి ఆయన పేరు పెట్టారు, కానీ జనం నోట్లో అది వెక్కిరింతగానే మిగిలింది. శిక్ష రద్దుకి కోర్టు కావాలి. వెక్కిరింత రద్దుకి మనం చాలు. నన్నెవరైనా తుర్రంఖాన్ అంటే థ్యాంక్స్ చెప్తా.