బోరుకు కరెంటు.. నరానికి ఏటీపీ! ఆ ఇంధనం గుట్టు విప్పిన భీమవరం బిడ్డ

నల్లమాడ: బోరు మోటారు వేస్తేనే ట్యాంకులోకి నీళ్లు.. ట్యాంకు నిండితేనే కుళాయిలో ధార. కరువు నేల నల్లమాడలో ఈ లెక్క ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. మన నరాల్లో కరెంటు కథా దాదాపు ఇంతే. అక్కడ మోటారు నడిపే ఇంధనం పేరు ఏటీపీ. దాన్ని కనిపెట్టిన వాళ్లలో మన తెలుగాయన ఒకరు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. మద్రాస్ మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ఇంగ్లిష్ ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. దాంతో పూర్తి డిగ్రీ చేజారి, ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. స్ప్రూ జబ్బు అన్నను బలి తీసుకుంది. ఆ బాధతోనే అమెరికా వెళ్లారు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో కండరాల్లో ఏటీపీని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దీన్ని కనిపెట్టారు.

ఇంతకీ నరానికి దీంతో పనేంటి..? నరాల కణం లోపల పొటాషియం ఎక్కువ, బయట సోడియం ఎక్కువ. ఈ తేడాయే ట్యాంకులో నిల్వ ఉన్న నీళ్లు. సిగ్నల్ రాగానే కణం గోడలోని తలుపులు తెరుచుకుని సోడియం లోపలికి దూకుతుంది. ఆ కుదుపుకు పక్క తలుపులు తెరుచుకుంటాయి. అలా కరెంటు నరం పొడవునా పరుగు తీస్తుంది. లావు నరాల్లో సెకనుకు 100 మీటర్ల దాకా వేగం! ఆ తర్వాత ట్యాంకు మళ్లీ నింపాలి కదా.. గోడలోని పంపు 3 సోడియం అయాన్లను బయటికి తోసి, 2 పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది. ఒక్కో విడతకు ఒక ఏటీపీ ఖర్చు. అది అందకపోతే ట్యాంకు ఖాళీ, నరం మూగబోతుంది. శరీర బరువులో 2 శాతమే ఉన్న మెదడు 20 శాతం శక్తిని తినేది ఇందుకే.

ఈ పంపును 1957లో డెన్మార్క్ శాస్త్రవేత్త జెన్స్ స్కౌ కనిపెట్టారు. 1997లో నోబెల్ అందుకున్నారు. అది చూడ్డానికి సుబ్బారావు లేరు. హార్వర్డ్ పర్మినెంట్ ఉద్యోగం ఇవ్వకపోవడంతో 1940లో లెడర్లీ కంపెనీకి మారారు. అక్కడ ఆయన టీమ్ ఫోలిక్ యాసిడ్‌ను తయారు చేసింది, బోదకాలు మందునూ తెచ్చింది. అన్నను మింగిన స్ప్రూకు ఆ ఫోలిక్ యాసిడే మందైంది. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే న్యూయార్క్‌లో కన్నుమూశారు. నోబెల్ రాలేదు. 1995లో మన దేశం ఆయన పేరిట పోస్టల్ స్టాంపు తెచ్చింది.

కాలికి ముల్లు గుచ్చుకోగానే చురుక్కుమందా..? ఆ కబురు మెదడుకు మోసిన నరంలో పంపు నడుస్తోంది ఏటీపీతోనే.