మొవ్వ నుంచి యదుగిరి దాకా క్షేత్రయ్య గారి నడక

మొవ్వ వేణుగోపాలస్వామి గుడి వీడియోలో క్షేత్రయ్య గారు క్షేత్రాలన్నీ తిరిగారని ఒక్క ముక్కలో చెప్పేశాను. తప్పు చేశానండీ.

పోయిన నెల కర్ణాటకలోని మేలుకోటలో, వీపున సంచితో యోగనరసింహస్వామి మెట్లెక్కుతూ సగంలోనే కూలబడ్డాను. మాది బందరు దగ్గర పల్లెటూరు. దివిసీమ చివరిదాకా వెళ్లినా కొండ కనపడదు, ఎత్తంటే మాకు కాలవగట్టే. 17వ శతాబ్దంలో ఆయన బయల్దేరిందీ ఈ నేల నుంచే. అసలు పేరు వరదయ్య అంటారు. కంచి, చిదంబరం, శ్రీరంగం, మేలుకోటనే యదుగిరి అంటారు, అక్కడి చెలువరాయడు... ఎక్కడి స్వామిని చూసినా ఆయనకు మువ్వగోపాలుడే. మధుర తిరుమల నాయకుడి కొలువు, తంజావూరు విజయరాఘవ నాయకుడి కొలువు, గోల్కొండ కూడా చూశారు. 4000కు పైగా పదాలని ఆయన పదంలోనే లెక్కుంది. మనకు దక్కినవి కొన్ని వందలే.

శృంగార పదాలు భక్తి ఛానల్లో ఎందుకని కొందరు అడిగారు. ఆ నాయిక ఎదురుచూపే ఆయన భక్తి అని నా నమ్మకం. ఒప్పుకోకపోయినా పర్లేదు, ఒకసారి వినండి.

ఆ మెట్ల మీద నుంచే ఇంటికి ఫోన్ చేసి వీడియోలో ఆ ముక్క తీసేయమన్నాను. మళ్లీ తీస్తున్నాం, ఈసారి బండి లేకుండా, కూచిపూడి నుంచి మొవ్వ దాకా నడిచి.