కోటేశ్వరమ్మగారి మొండితనానికి అభినందనలు

మన సభల్లో అభినందన పత్రానికి ఒక మూస ఉంది. శాలువా, పూలదండ, పటం కట్టించిన కాగితం, అందులో బారులు తీరిన విశేషణాలు. సన్మానం ఒక తల్లికైతే రాసేవాడి పని మరీ తేలిక. త్యాగమయి, సహనశీలి, కరుణామూర్తి అని మొదలుపెడితే కలం దానంతటదే నడుస్తుంది. ఆగస్టు 5 కమ్యూనిస్టు ఉద్యమకారిణి, రచయిత్రి కొండపల్లి కోటేశ్వరమ్మగారి పుట్టినరోజు. ఆ రోజున ఈ మాటలే మళ్లీ వినిపిస్తాయి. కాదనడానికి వీల్లేదు గానీ, ఇవి ఆమెకు కాస్త పొట్టి బట్టలు. నన్నడిగితే ఆమెలో పండగ చేసుకోవలసిన గుణం మొండితనం. బతుకు ఎన్నిసార్లు కూలబడేసినా లేచి, చీర కుచ్చెళ్లు సర్దుకుని, మళ్లీ పనిలో పడిన మొండితనం.

నిండు నూరేళ్లు చల్లగా బతకమని మనవాళ్లు దీవిస్తారు. ఆ దీవెనలో మొదటి సగం ఆమెకు అక్షరాలా ఫలించింది. 1918 ఆగస్టు 5న కృష్ణా జిల్లా పామర్రులో పుట్టారు. 2018 ఆగస్టు 5కి విశాఖపట్నంలో వందేళ్లు నిండాయి. ఆరు వారాలు గడిచాక, సెప్టెంబర్ 19న వెళ్లిపోయారు. ఇక ‘చల్లగా’ అన్నది మాత్రం ఆ నూరేళ్లలో చాలా తక్కువ రోజులే కనబడుతుంది.

పామర్రు అంటే బెజవాడ నుంచి బందరు పోయే దారిలో గుడివాడ రోడ్డు కలిసే ఊరు. కూచిపూడి దగ్గర్లోనే. పాటా ఆటా గాలిలోనే ఉన్న చోటు. అక్కడి ఒక మధ్యతరగతి రైతు ఇంట్లో పుట్టిన ఈ అమ్మాయికి ఊహ తెలియని వయసులోనే పెళ్లి చేశారు. కొద్దికాలానికే ఆ భర్త పోయాడు. తనకు పెళ్లయిందన్న సంగతీ, ఆయన పోయాడన్న సంగతీ, రెండూ ఇంకొకరు చెబితేనే తెలుసుకోవలసిన పసితనం అది. తెలిశాక మాత్రం ఊరు ఊరుకోదు కదా. పేరంటాలకు పిలుపు ఉండదు, పూలు పెట్టుకోకూడదు, ఎదురు రాకూడదు.

వితంతు వివాహ చట్టం 1856లోనే వచ్చింది. వీరేశలింగంగారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబర్లో. అయినా 1930ల చివర్లో కూడా కృష్ణా జిల్లా పల్లెలో వితంతువుకు మళ్లీ పెళ్లంటే రచ్చబండ మీద నెలల తరబడి నలిగే మాటే. చట్టం ఊరి పొలిమేర దాకా తొందరగానే వస్తుంది, గడప దాటడానికే దానికి తరాలు పడుతుంది. ఆ గడప దాటించిన కుర్రవాడు కొండపల్లి సీతారామయ్య. జొన్నపాడులో పెరిగినవాడు, కమ్యూనిస్టు. ఆ పెళ్లి ఆమె జీవితానికి వెలుగు తెచ్చింది. కష్టాలు కూడా ఆ గుమ్మం నుంచే వచ్చాయి. రెంటినీ ఆమె తర్వాత తన ఆత్మకథలో ఏదీ దాచకుండా రాశారు.

ఆంధ్రలో కమ్యూనిస్టు పార్టీ 1934లో మొదలైంది. దాని వెనకే మహిళా సంఘాలు, 1943లో ప్రజానాట్యమండలి వచ్చాయి. కోటేశ్వరమ్మగారిది మంచి గొంతు. వేదిక ఎక్కి పాటలు పాడారు, నాటకాల్లో వేషాలు కట్టారు. మంచి కుటుంబాల ఆడవాళ్లు పదిమంది ముందు పాడటమేమిటని ముక్కున వేలేసుకున్న రోజులవి. మీటింగులో రాళ్లు పడితే కొంగు దోపుకుని మళ్లీ పల్లవి ఎత్తుకున్న ఆనాటి ఆడవాళ్ల గుంపులో ఆమె ఒకరు. ఆ గుంపు మొత్తానికి ఈ రోజున ఒక దండ పడాలి. పేర్లు నమోదైనవాళ్లు కొద్దిమంది, కానివాళ్లు కోకొల్లలు.

1940ల చివర్లో మద్రాసు ప్రభుత్వం పార్టీని నిషేధించింది. రహస్య జీవితం మొదలైంది. ఊరుగాని ఊళ్లలో, తనదికాని పేరుతో, పొరుగువాళ్లు అడిగే ప్రతి ప్రశ్నకూ ఒక అబద్ధం సిద్ధంగా పెట్టుకుని కాపురం చేయాలి. మగవాళ్ల అజ్ఞాతవాసం గురించి మన దగ్గర చాలా కథలున్నాయి. ఆ అజ్ఞాతవాసంలో పొయ్యి వెలిగించిందెవరు, ఎవరొచ్చినా అనుమానం రాకుండా ఇల్లు ఇల్లులా కనిపించేట్టు చూసిందెవరు అన్నది ఆ కథల్లో పెద్దగా రాదు. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ చదివితే ఆ లోటు ఎంతటిదో తెలుస్తుంది. కన్నబిడ్డను ఇంకొకరి చేతుల్లో పెట్టి దళం వెంట నడిచిన తల్లి గొంతు కూడా అందులో ఉంది. పార్టీ పని కోసం పిల్లలే వద్దనుకున్న పుచ్చలపల్లి సుందరయ్యగారి నిర్ణయాన్ని మనం గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోవలసిందే. అప్పటికే పిల్లలున్న ఆడవాళ్ల సంగతేమిటని అడిగినవాళ్లు తక్కువ.

కోటేశ్వరమ్మగారికి ఇద్దరు పిల్లలు, కరుణ, చందు. తను రహస్యంగా తిరిగిన కాలంలో వాళ్లను తన తల్లి దగ్గర ఉంచారు. ఆ తల్లికి కూడా ఈ అభినందనలో భాగం ఇవ్వకపోతే తప్పు. పసిదానిగా విధవరాలైన కూతురికి మళ్లీ పెళ్లి జరిగితే వెంట నిలిచింది. పార్టీ పార్టీ అంటూ ఆ కూతురు ఇల్లు విడిచి వెళితే మనవల్ని పెంచింది. ఏ జెండా పట్టకపోయినా ఉద్యమం బరువులో ఒక వంతు మోసిన ముసలమ్మలు ఆ రోజుల్లో ఎందరో. పార్టీ చరిత్రలు రాసేటప్పుడు వీళ్లకు సభ్యత్వ నంబరు ఉండదు గనక పేరూ ఉండదు.

1951 అక్టోబర్లో తెలంగాణ సాయుధ పోరాటం ఆగింది. అజ్ఞాతం నుంచి బయటికొచ్చిన మగవాళ్లకు ఎన్నికలున్నాయి, పదవులున్నాయి. ఆడవాళ్లను ఇళ్లకు వెళ్లమన్నారు. ఆమె విషయంలో ఆ ఇల్లు కూడా మిగల్లేదు. సీతారామయ్యగారు ఆమెను విడిచి వెళ్లారు. పేచీ పెట్టి ఆస్తి అడగడానికి ఆస్తీ లేదు, ఉన్నదంతా ఎప్పుడో ఉద్యమానికే పోయింది. చేతిలో డిగ్రీ లేదు, వెనక ఇద్దరు పిల్లలు, వృద్ధురాలైన తల్లి.

ఇక్కడే నేను చెప్పాలనుకున్న మొండితనం మొదలవుతుంది. ముప్పై అయిదేళ్లు దాటిన వయసులో ఆమె హైదరాబాద్ వెళ్లి ఆంధ్ర మహిళా సభలో చేరి మెట్రిక్ చదివారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారు 1937లో మద్రాసులో మొదలుపెట్టిన సంస్థ అది. చదువు మధ్యలో ఆగిపోయినవాళ్లు, విధవలు, భర్తలు వదిలేసినవాళ్లు అక్కడ మళ్లీ పలకా బలపం పట్టేవారు. వేల మందిని కదిలించిన గొంతు బెంచీ మీద కూర్చుని లెక్కల సూత్రాలు వల్లె వేయడాన్ని ఊహించండి. వేదికల మీద పేరు తెచ్చుకున్నాక మళ్లీ మొదటి పాఠం తెరవాలంటే చాలామందికి అభిమానం అడ్డొస్తుంది. ఆమెకు అభిమానం అంటే ఇంకొకరి మీద ఆధారపడకపోవడం. అందుకని చదివారు, పాసయ్యారు, ఉద్యోగం సంపాదించుకున్నారు.

ఆ ఉద్యోగం కాకినాడలో, పాలిటెక్నిక్ చదివే ఆడపిల్లల హాస్టల్లో. ఆమె జీవితంలో పోరాటాల గురించి ఎవరైనా రాస్తారు. ఈ హాస్టల్ సంవత్సరాల గురించి తీరుబడిగా ఒక పుస్తకమే రాయవచ్చనిపిస్తుంది నాకు. చుట్టుపక్కల పల్లెల నుంచి, మొదటిసారి ఇల్లు వదిలి, పెట్టె పట్టుకుని దిగే ఆడపిల్లలు. వాళ్ల తాతలకు ఆడపిల్లకు ఇంజినీరింగ్ డిప్లొమా అన్న ఊహే లేదు. అలాంటి హాస్టల్ నడపడమంటే బియ్యం బస్తాల లెక్క దగ్గర్నుంచి వంటవాళ్ల తగాదాల దాకా చూసుకోవాలి. అర్ధరాత్రి జ్వరం వచ్చిన పిల్ల నుదుట తడిగుడ్డ వేయాలి. ఇంటి మీద బెంగపెట్టుకున్న పిల్లను బుజ్జగించాలి. చదువు మాన్పించి పెళ్లి చేస్తానని వచ్చిన తండ్రితో మెత్తగానే వాదించి వెనక్కి పంపాలి. ఏ సభలోనూ వీటికి చప్పట్లు కొట్టరు. సొంత పిల్లలతో గడపాల్సిన ఏళ్లను ఉద్యమం తీసుకున్న తల్లికి, పరాయి పిల్లలు వందల లెక్కన వచ్చి పడ్డారు. పెంచడం చేతనైన మనిషి ఎవరి పిల్లలని చూడదు.

ఆ మధ్యలోనే రాసుకున్నారు. ‘అమ్మ చెప్పిన ఐదు గేయాలు’, ‘సంఘమిత్ర కథలు’, ‘అశ్రు సమీక్షణం’ ఆమె పుస్తకాలు. ఇవి ఇవాళ సులువుగా దొరకవు. ప్రచురణకర్తలెవరైనా ఈ పుట్టినరోజుకు అన్నీ ఒకచోట చేర్చి అచ్చువేస్తే, శాలువా కంటే అదే పెద్ద సన్మానం.

పండగ వ్యాసంలో చావుల ప్రస్తావన ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కానీ దాటేస్తే ఆమె ఎంత గట్టి మనిషో తెలియదు. వరంగల్లో ఇంజినీరింగ్ చదివిన చందు నక్సలైటు ఉద్యమంలోకి వెళ్లాడు. తిరిగి రాలేదు. డాక్టరైన కరుణ, భర్త హఠాత్తుగా పోయాక ఆ దుఃఖంలో తనూ నిలవలేదు. సీతారామయ్యగారు 1980లో పీపుల్స్ వార్ అనే నక్సలైటు పార్టీని స్థాపించి దేశమంతా తెలిసిన పేరయ్యారు. ఇటు ఆమెకు మిగిలింది ఇద్దరు మనవరాళ్లు.

కాకినాడలో ఒకప్పుడు ఊరి పిల్లల కోసం చేసిన పనిని ఈసారి సొంత మనవరాళ్ల కోసం చేశారు. అమ్మమ్మ మళ్లీ అమ్మగా మారాల్సి వచ్చింది, అదీ ఒళ్లు సహకరించడం తగ్గుతున్న వయసులో. ఏడుస్తూ కూర్చుంటే ఎవరూ తప్పు పట్టరు. అలాంటి చోట ఆమె ఏడుపునూ, బియ్యం కడిగి ఎసరు పెట్టడాన్నీ పక్కపక్కనే నడిపించారు. రెండు తరాల పిల్లల్ని చేతుల మీదుగా దాటించిన ఆ మనిషిని అభిమానులు కూడా ‘అమ్మమ్మా’ అనే పిలిచారు. ఆ పిలుపు ఎవరో ఇచ్చిన బిరుదు కాదు. సంపాదించుకున్నదే.

ఇంకొక సంగతి. 1964లో పార్టీ చీలింది, తర్వాత నక్సల్బరితో మళ్లీ చీలింది, ఆ చీలికల్లోంచి ఇంకెన్నో. ఒకప్పుడు ఒకే కంచంలో తిన్నవాళ్లు ఒకరినొకరు ద్రోహులనుకున్నారు. ఆమె అందరినీ తనవాళ్లుగానే చూశారు. నమ్మిన సిద్ధాంతాన్ని వదల్లేదు, దాని పేరు చెప్పి మనుషుల్నీ వదల్లేదు. ఇంత నష్టపోయాక ఉద్యమాన్ని తిట్టే హక్కు తెలుగునాట ఎవరికైనా ఉంటే ఆమెకే ఉంది. ఆ హక్కును ఆమె చాలా పొదుపుగా వాడారు. అది క్షమ అని కొందరంటారు. నాకు మాత్రం అది గర్వంలా కనిపిస్తుంది. తను ఎంచుకున్న దారిని తనే తక్కువ చేసుకోవడం ఆమెకు ఇష్టం లేదు.

సీతారామయ్యగారు చివరి రోజుల్లో జబ్బుపడి, పార్టీకి దూరమై, విజయవాడలో మనవరాలి దగ్గర ఉన్నారు. ఒకసారి చూడాలని ఉందని ఆమెకు కబురొచ్చింది. వెంటనే పరుగెత్తలేదు. ఎందుకు చూడాలని అడిగారు. ఆ ప్రశ్న అడగడం నాకెంత నచ్చిందో చెప్పలేను. మన సినిమాల్లో అయితే ఇల్లాలు ఏడుస్తూ కాళ్ల మీద పడిపోయేది. స్నేహితులు నచ్చజెప్పాక వెళ్లారు, చూశారు, వచ్చారు. 2002 ఏప్రిల్ 12న ఆయన పోయారు. ఆమె జీవితం అప్పటికి ఇంకా పదహారేళ్లు మిగిలే ఉంది. అసలు పెద్ద పని కూడా ఇంకా ముందుంది.

ఆ పని ‘నిర్జన వారధి’ అనే ఆత్మకథ. 2012లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. ఆమెకు అప్పుడు తొంభై నాలుగు. ఆ వయసులో మనవాళ్లు జపమాల అందిస్తారు, ఆమె కాగితాలు అందుకున్నారు. హైదరాబాద్‌లో సీఆర్ ఫౌండేషన్ వృద్ధాశ్రమంలోనూ, తర్వాత విశాఖలో మనవరాలి దగ్గరా గడిచిన ఆ చివరి దశాబ్దాల్లో పాతవన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుని రాశారు. పుస్తకంలో నన్ను ఆశ్చర్యపరిచేది దుఃఖం పాళ్లు కాదు. చిన్న చిన్న మేళ్లు ఎన్ని గుర్తున్నాయో! ఎవరు ఏ రాత్రి అన్నం పెట్టారు, ఎవరు ఎక్కడ దాచారు, ఎవరు చదువుకు దారి చూపారు, అన్నీ పేరుపేరునా చెబుతారు. దెబ్బల చిట్టా రాయడానికి కూర్చున్న మనిషి అప్పుల చిట్టా రాసి ముగించినట్టుంటుంది.

ఆ పుస్తకాన్ని సౌమ్య వి.బి. ఇంగ్లీషులోకి అనువదించారు. ‘ది షార్ప్ నైఫ్ ఆఫ్ మెమరీ’ పేరుతో 2015లో జుబాన్ ప్రచురించింది. అనువాదకురాలి వృత్తి భాషా సాంకేతిక పరిశోధన, వయసు చూస్తే కోటేశ్వరమ్మగారి మనవరాళ్లకంటే చిన్నది. హాస్టల్ పిల్లల వరసలోకి ఇంకొకరు వచ్చి చేరారన్నమాట. ఈ ఆగస్టు 5న విశాఖలోనో, పామర్రులోనో, ఎక్కడైనా సభ పెట్టేవాళ్లకు నాదొక మనవి. ఉపన్యాసాలు రెండు తగ్గించి, పదో తరగతి చదివే ఒక అమ్మాయి చేత ఆ పుస్తకంలోని మెట్రిక్ చదువు భాగాన్ని బిగ్గరగా చదివించండి. వినేవాళ్లలో చదువు మధ్యలో ఆపేసిన అమ్మలు ఉంటారు, వాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టండి.