ఒక్క ఓటుకు తలవంచిన కేసరి

ధ్యాన భాగము: 1 సమూయేలు 12:1-5



సమూయేలు ప్రవక్త ముసలివాడై, తన పెద్దరికమును రాజునకు అప్పగించు దినమున, ప్రజలందరి యెదుట నిలిచి తన నడవడిని గూర్చి లెక్క చెప్పెను. తాను ఎవరికైనను అన్యాయము చేసియున్నచో ఇప్పుడే సాక్ష్యమిమ్మని అడిగెను. ఏలువాడు ఏలబడువారికి జవాబుదారి యని ఈ భాగము మనకు నేర్పుచున్నది. మన రాజమహేంద్రవరములో ప్రజాజీవితము ఆరంభించిన టంగుటూరి ప్రకాశం పంతులుగారి చరిత్రలో ఈ సంగతిని ఈ నెల ధ్యానింతము.

ప్రకాశంగారు 1872 ఆగస్టు 23న ఒంగోలు ప్రాంతమందలి వినోదరాయునిపాలెములో జన్మించిరి. చిన్నతనముననే తండ్రి చనిపోగా, తల్లి సుబ్బమ్మగారు పూటకూళ్ల యిల్లు నడిపి బిడ్డలను పోషించిరి. హనుమంతరావు నాయుడుగారను ఉపాధ్యాయుడు రాజమహేంద్రవరమునకు వచ్చుచు ఈ పేద బాలుని వెంటబెట్టుకొని వచ్చిరి. ప్రకాశంగారు ఇక్కడనే వకీలుగా పేరుపొంది, గట్టి పోటీలో నెగ్గి పురపాలక సంఘాధ్యక్షులైరి. అయితే ఆ దినములలో ఓటు పన్ను కట్టు కొద్దిమందికే గాని, కూలి చేసికొను బీదవానికి లేదు.

తరువాత ఆయన ఇంగ్లండు వెళ్లి బారిస్టరై, చెన్నపట్టణములో విస్తారముగా ధనము గడించిరి. 1921లో ఆ వృత్తిని విడిచి, స్వరాజ్య పత్రికను స్థాపించి, గడించినదంతయు దేశసేవకే వెచ్చించిరి.

1928లో సైమన్ కమిషన్ మన దేశమునకు వచ్చెను. భారతదేశమునకు ఎట్టి రాజ్యాంగము తగునో విచారించుట దాని పని. కాని ఆ యేడుగురు సభ్యులలో భారతీయుడు ఒక్కడును లేడు. ఇంటివారిని అడుగక ఇంటికి దూలము కోసినట్టుండెను గనుక దేశమంతయు దానిని నిరాకరించెను. ఫిబ్రవరి 3న చెన్నపట్టణములో పోలీసులు కాల్పులు జరుపగా, ప్రకాశంగారు తుపాకి యెదుట రొమ్ము విప్పి నిలిచిరి. ప్రజలు ఆయనను ఆంధ్రకేసరి అని పిలిచిరి.

ఆయన 1946లో మద్రాసు రాష్ట్ర ప్రధాని యైరి. మరుసటి సంవత్సరమే స్వపక్షమువారి విశ్వాసము కోల్పోయి ఆ పదవి విడిచిరి. 1950 జనవరి 26న మన రాజ్యాంగము అమలులోనికి వచ్చి, ధనిక బీద భేదము లేక 21 ఏండ్లు నిండిన ప్రతివారికిని ఓటు కలిగెను. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రము ఏర్పడగా, 81 ఏండ్ల ప్రకాశంగారు మొదటి ముఖ్యమంత్రి యైరి.

అప్పుడు మద్యనిషేధము అమలులో నుండెను. తాటిచెట్టునెక్కి కల్లుగీసి బ్రతుకు కుటుంబములకు జీవనము పోయెను. నిషేధమును తీసివేయవచ్చునని రామమూర్తి కమిటీ చెప్పినను ప్రభుత్వము దానిని అమలుపరచలేదు. ఆ వివాదముమీద 1954 నవంబరులో శాసనసభలో అవిశ్వాస తీర్మానము వచ్చి, ఒక్క ఓటు ఆధిక్యముతో నెగ్గెను. మంత్రివర్గము శాసనసభకు జవాబుదారి యని రాజ్యాంగము చెప్పుచున్నది. తుపాకికి జంకని కేసరి ఆ ఒక్క ఓటుకు తలవంచి గద్దె దిగిరి. రాష్ట్రపతి పాలన వచ్చెను; 1955లో ప్రజలు మరల ఓటువేసి క్రొత్త సభను ఎన్నుకొనిరి.

ఇక్కడ మనము కొంత నిలిచి ఆలోచింపవలెను. మద్యమును మనము మెచ్చము. దానివలన పాడైన కాపురములు ప్రతి పల్లెలోను మనము చూచినవే. అయినను మంచి పని చేయుచున్నామను నమ్మకము ఒక్కటే ఏలుటకు హక్కు నియ్యదు. ఏలబడువారి సమ్మతి కూడ కావలెను. ఆ సమ్మతి పోయిన దినమున, తన పని ఎంత మంచిదైనను పెద్ద దిగిపోవలెను. ప్రజలను మరల ఒప్పించుటకు ప్రయాసపడవలెను. బలవంతముగా కూర్చుండువాడు సైమన్ కమిషనుకంటె ఎట్లు మేలు?

ప్రకాశంగారు 1957 మే 20న హైదరాబాదులో కన్నుమూసిరి. లక్షలు గడించిన ఆయనకు చివరకు మిగిలిన ఆస్తి లేదు.

ఇప్పుడు 18 ఏండ్లు నిండిన ప్రతివారికి ఓటున్నది. ఒక్క ఓటు ప్రభుత్వమును దించగలిగినప్పుడు, దానిని నోటుకో సారాసీసాకో అమ్ముకొనువాడు ఎంత విలువైనదానిని పోగొట్టుకొనుచున్నాడు! పంచాయతీలో గాని సంఘములో గాని పెద్దలుగా నున్న మనము, లెక్క అడిగినవారిమీద కోపపడక, సమూయేలువలె మనమే ముందుగా లెక్క చెప్పుదము. ఓడిన దినమున పగ పెట్టుకొనక, గెలిచినవారికి తాళపుచెవులు సమాధానముగా అప్పగింతము.