అలీగఢ్ నిర్మాత సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్

సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ గారి పేరు వినని ముస్లిం కుటుంబం మన ప్రాంతంలో ఉండదనే చెప్పాలి. నిండైన తెల్ల గడ్డం, తలమీద తుర్కీ టోపీ, ఛాతీ మీద పతకాలు ఉన్న ఆయన ఫోటో ఎన్నో ఉర్దూ పాఠశాలల గోడలమీద కనిపిస్తుంది. అలీగఢ్ కాలేజి పెట్టిన మహానుభావుడని పిల్లలు కూడా చెప్పేస్తారు. అయితే ఆ కాలేజిని ఆయన ఎలా కట్టారు, ఎంత దూరం ఆలోచించి స్థలం తీసుకున్నారు, చేతిలో డబ్బు లేకుండా అంత పెద్ద ప్లాను ఎందుకు వేశారు అనే సంగతి చాలామందికి తెలియదు. సంఘాలు పెట్టి, చందాలు పోగుచేసి, ఖౌమ్ కోసం ఒక గది కట్టినా చాలుననుకునే మనవంటి వారికి ఆ సంగతే ఎక్కువగా పనికివస్తుంది.

సర్ సయ్యద్ 1817 అక్టోబరు 17న ఢిల్లీలో జన్మించారు. తండ్రి మీర్ ముత్తఖీ గారు, తల్లి అజీజున్నిసా బేగం. తల్లి తండ్రియైన ఖ్వాజా ఫరీదుద్దీన్ గారు గణితశాస్త్రంలో గొప్ప పండితులు. మొగల్ దర్బారులో వజీరుగా కూడా పనిచేశారు. సర్ సయ్యద్‌కు క్రమశిక్షణ నేర్పింది ఆ తల్లే. తండ్రి చనిపోయాక ఇల్లు గడవటం కష్టమై, 1838లో ఆయన ఈస్టిండియా కంపెనీ కోర్టులో చిన్న ఉద్యోగంలో చేరారు. పరీక్ష పాసై 1841లో మున్సిఫ్ అయ్యారు. అప్పటినుంచి 1876లో రిటైరయ్యేదాకా ఊరూరా బదిలీలతోనే ఆయన సర్వీసు గడిచింది.

ఢిల్లీలో మున్సిఫ్‌గా ఉన్న రోజుల్లో ఆయన చేసిన ఒక పనిని ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. సెలవు దొరికితే చాలు, నగరం చుట్టూ ఉన్న పాత కోటలు, మసీదులు, సమాధులు, బావులు తిరిగి చూసేవారు. వాటి పొడవు వెడల్పులు కొలిచి, వాటిమీది శాసనాలు రాసుకునేవారు. కుతుబ్ మీనార్ పైభాగంలోని అక్షరాలు కిందినుంచి కనపడవు గదా! అందుకని రెండు వాసాల మధ్య బుట్ట కట్టించుకుని, అందులో కూర్చుని పైకి వెళ్ళి వాటిని రాసుకున్నారట. కింద నిలబడ్డ స్నేహితుడికి గుండెలు దడదడలాడేవట. ఈ శ్రమ ఫలితంగా 1847లో ఆసారుస్సనాదీద్ అనే గ్రంథం వచ్చింది. 1861లో అది ఫ్రెంచి భాషలోకి కూడా వెళ్ళింది. ఒక కట్టడం ఎలా నిలబడుతుంది, ఎందుకు పాడవుతుంది, నాలుగు తరాల తర్వాత దాన్ని చూసేవాడికి ఏం కనిపిస్తుంది అనేది ఆయనకు అక్కడే తెలిసివచ్చింది. తర్వాత కాలేజి కట్టినప్పుడు ఈ కన్ను ఆయనకు చాలా ఉపయోగపడింది.

1857 వచ్చేసరికి ఆయన బిజ్నోర్‌లో ఉన్నారు. అక్కడి ఇంగ్లీషువాళ్ళ ప్రాణాలు కాపాడారు. కాని ఢిల్లీలో తనవాళ్ళనే కాపాడుకోలేకపోయారు. బంధువులు హతమయ్యారు. తల్లి గుర్రపుశాలలో దాక్కుని, తిండీ నీళ్ళూ లేక అలమటించింది. ఆయన వెళ్ళి ఆమెను మీరట్‌కు తీసుకువచ్చారు గాని, ఆ తల్లి ఎన్నాళ్ళో బతకలేదు. దొరలు ఇవ్వజూపిన జాగీరు ఆయన తీసుకోలేదు. దేశం విడిచి ఈజిప్టు వెళ్ళిపోదామని కూడా ఒక దశలో అనుకున్నారు. చివరికి, ఖౌమ్‌ను ఈ స్థితిలో వదిలి తానొక్కడే సుఖంగా ఉండటం తగదని ఇక్కడే నిలబడ్డారు.

అక్కడినుంచి ఆయనకు తాలీమ్ ఒక్కటే ధ్యాస. మురాదాబాద్‌లో ఒక స్కూలు, తర్వాత ఘాజీపూర్‌లో ఒక స్కూలు పెట్టించారు. 1864లో సైంటిఫిక్ సొసైటీ స్థాపించి ఇంగ్లీషు శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి అనువదింపజేశారు. అందులో హిందువులు, ముస్లిములు కలిసి పనిచేశారు. 1869లో ఇల్లు తాకట్టు పెట్టి, కొడుకులతో కలిసి ఇంగ్లాండు వెళ్ళారు. చిన్న కొడుకు సయ్యద్ మహమూద్ కేంబ్రిడ్జిలో చదువుకున్నాడు. అక్కడి కాలేజీలను సర్ సయ్యద్ స్వయంగా చూశారు. పిల్లలు పాఠం విని ఇంటికి పోవటం కాదు, చదువు, భోజనం, ఆట, వాదన, ప్రార్థన అన్నీ ఒకే ఆవరణలో సాగటం ఆయన మనసును పట్టేసింది. కాలేజి అంటే తరగతి గదుల వరుస కాదు, అది ఒక చిన్న ఊరు అని ఆయనకు అర్థమైంది.

1870లో తిరిగి రాగానే తహజీబుల్ అఖ్లాఖ్ పత్రిక మొదలుపెట్టారు. కాలేజి ఫండు కోసం కమిటీ వేశారు. 1873లో సయ్యద్ మహమూద్ ఒక పథకం రాసి కమిటీ ముందు పెట్టాడు. అది చిన్న స్కూలు పథకం కాదు. హాస్టళ్ళతో, స్వంత నిర్వహణతో నడిచే ఒక యూనివర్శిటీ పథకం. అప్పటికి వాళ్ళ చేతిలో స్థలం లేదు, ఉన్న డబ్బు కూడా అంతంత మాత్రమే. చూసినవాళ్ళు నవ్వుకుని ఉంటారు. కాని తండ్రీ కొడుకుల లెక్క వేరు. ఈ రోజు కట్టేది చిన్నదైనా సరే, అది రేపటి పెద్ద ప్లానులో ఒక ముక్క అయి ఉండాలి అనేది వారి లెక్క.

స్థలం ఎంపికలోనూ ఇదే ముందుచూపు. పెద్ద నగరాల సందులు, గొడవలు వద్దనుకున్నారు. అలీగఢ్‌లో గాలీ నీరూ మంచివి, రైలు సౌకర్యం ఉంది, సాయం చేసే మిత్రులున్నారు. పైగా అక్కడ సైన్యం వదిలేసిన పాత కంటోన్మెంటు మైదానం ఖాళీగా పడి ఉంది. దాన్ని ఇవ్వటానికి జిల్లా అధికారులు మొదట ఇష్టపడలేదు. చివరికి లెఫ్టినెంట్ గవర్నర్ సర్ జాన్ స్ట్రేచీ కాలంలో పని జరిగింది. 74 ఎకరాలు చేతికి వచ్చాయి. అంత నేల అప్పటి పిల్లల సంఖ్యకు అవసరం లేదు. రాబోయే పిల్లల కోసం తీసుకున్న నేల అది.

1875 మే 24న స్కూలు మొదలైంది. సర్ సయ్యద్ అప్పటికింకా బెనారస్‌లో ఉద్యోగంలోనే ఉన్నారు గనుక, అలీగఢ్‌లో పని నడిపింది మౌల్వీ సమీఉల్లా ఖాన్ గారు. మరుసటి సంవత్సరం సర్ సయ్యద్ రిటైరై అలీగఢ్ చేరుకున్నారు. 1877 జనవరి 8న వైస్రాయి లార్డ్ లిట్టన్ కాలేజికి శంకుస్థాపన చేశారు. అక్కడినుంచి కన్నుమూసేదాకా, అంటే 21 సంవత్సరాలు, ఆ ఆవరణే ఆయన లోకం.

కట్టిన పద్ధతి గమనించదగ్గది. మధ్యలో పెద్ద చదరపు ఆవరణ. దాని చుట్టూ గదులు, స్ట్రేచీ హాలు, లైబ్రరీ, లెక్చర్ గదులు. ఒకవైపు జామె మసీదు. బయట ఆటల మైదానం. ఇదంతా ఒక్కసారి కట్టటానికి డబ్బు ఎక్కడిది? కనుక ముందు కచ్చా బారకులు వేసి పిల్లలను పెట్టారు. దాతలు దొరికినకొద్దీ పక్కా గదులు లేపారు. ఎవరు ఎంత ఇచ్చినా ఆ సొమ్ము ప్లానులో నిర్ణయించిన చోటే పడాలి. దాత కోరాడని దారికి అడ్డంగా గది లేవటం, మైదానం మధ్యలో గోడ రావటం అక్కడ లేదు. ముసలితనంలో కూడా ఎండలో నిలబడి మేస్త్రీలతో, కూలీలతో స్వయంగా పని చేయించేవారు.

చందాల కోసం ఆయన చేయని పని లేదు. లాటరీ నడిపారు, స్టేజి ఎక్కారు, పుస్తకాలు అమ్మారు. దాతల పేర్లు గోడల రాళ్ళమీద చెక్కించారు. ఈ రోజుకూ ఆ పేర్లు చదవవచ్చు. అందులో పటియాలా మహారాజావంటి హిందూ దాతలున్నారు. మన తెలుగుగడ్డకు చెందిన విజయనగరం మహారాజా వారు కూడా సాయం చేశారు. ఇక హైదరాబాద్ సంగతి చెప్పనే అక్కర్లేదు. మొదటి సాలార్‌జంగ్ గారి పేర సాలార్ మంజిల్, ప్రధానమంత్రి ఆస్మాన్‌జా గారి పేర ఆస్మాన్ మంజిల్, నిజాం ప్రభువు పేర నిజాం మ్యూజియం అక్కడ వెలిశాయి. 1891లో సర్ సయ్యద్ బృందంతో హైదరాబాద్ వచ్చి నిజాం దర్శనం చేసుకున్నారు. ఆయన తర్వాత కాలేజిని నడిపిన మొహ్సినుల్ ముల్క్, వఖారుల్ ముల్క్ ఇద్దరూ హైదరాబాద్ సర్వీసులో ఆరితేరినవారే. చదువుకోవటానికి కూడా ముస్లిములతోపాటు హిందూ విద్యార్థులు వచ్చారు. ఆ కాలేజి మొదటి గ్రాడ్యుయేటు ఈశ్వరీ ప్రసాద్ అనే హిందూ యువకుడు.

ఇంత చేసినా ఆయనకు దక్కింది పూలదండలు మాత్రమే కాదు. ఇంగ్లీషు చదువు చెప్పిస్తున్నాడనీ, మతం మీద కొత్త మాటలు రాస్తున్నాడనీ కుఫ్ర్ ఫత్వాలు తెప్పించారు. కొందరు మిత్రులు కూడా, ఉస్తాదుల జీతాలకు పెట్టాల్సిన డబ్బంతా ఇటుకల్లో పోస్తున్నారని గొణిగారు. ఇందులో కొంత న్యాయం లేకపోలేదు. కాని గదులుంటేనే దూరప్రాంతాల పిల్లలు వచ్చి చేరతారని ఆయన నమ్మకం.

మహనీయుల జీవితం రాసేటప్పుడు లోపాలు దాచటం మర్యాద కాదు. సర్ సయ్యద్ అధికారమంతా తన చేతిలోనే పెట్టుకున్నారు. 1889లో ట్రస్టీల నిబంధనలు మార్చి, తన తర్వాత కొడుకే వచ్చేటట్లు ఏర్పాటు చేశారు. మొదటినుంచి తోడున్న సమీఉల్లా ఖాన్ గారు దానితో విడిపోయారు. లెక్కలు చూసే పని నమ్మకస్తుడనుకున్న హెడ్ క్లర్కు మీద వదిలేశారు. 1895లో చూస్తే ఆ క్లర్కు లక్ష రూపాయలకు పైగా కాజేశాడని బయటపడింది. పెద్దాయన కుంగిపోయారు. కాలేజిలో పిల్లల సంఖ్య కూడా తగ్గింది. బాలికల స్కూళ్ళకు ఇంకా సమయం రాలేదని ఆయన అనుకోవటం మరొక లోపం. ఆ గొప్ప ప్లానులో మన ఆడపిల్లలకు చోటు వేయలేదు.

1898 మార్చి 27న సర్ సయ్యద్ ఇంతఖాల్ అయ్యారు. లక్షలు పోగుచేసిన ఆ మనిషి అంత్యక్రియల ఖర్చు మిత్రులు భరించవలసివచ్చింది. తాను మొదలుపెట్టిన మసీదు పూర్తికావటం చూడలేదు గాని, ఆ మసీదు ప్రాంగణంలోనే ఆయనను ఖననం చేశారు.

అసలు పరీక్ష ఆయన పోయాక మొదలైంది. అప్పుల్లో ఉన్న కాలేజిని మొహ్సినుల్ ముల్క్ గారు నిలబెట్టారు. విద్యార్థులు పెరిగారు, పాత చదరం చాలలేదు. అయితే దాన్ని పగలగొట్టి ఇరికించవలసిన అవసరం రాలేదు. కొత్త బోర్డింగ్ హౌసులు దాని బయట లేచాయి. ప్లానులో లేని ఆడపిల్లల కోసం 1906లో షేఖ్ అబ్దుల్లా గారు, వారి సతీమణి వహీద్ జహాన్ బేగం గారు స్కూలు తెరిచారు. అదే తర్వాత మహిళా కాలేజి అయింది. 1920లో అలీగఢ్ ముస్లిం యూనివర్శిటీ ఏర్పడింది. 1873లో మహమూద్ కాగితం మీద రాసింది 47 ఏళ్ళకు నిజమైందన్నమాట. స్వాతంత్ర్యం వచ్చాక మౌలానా ఆజాద్ లైబ్రరీ, మెడికల్ కాలేజి వచ్చాయి. 74 ఎకరాల ఆవరణ నేడు 1,100 ఎకరాలు దాటింది. అయినా మొదటి చదరం సర్ సయ్యద్ హాలుగా అలాగే ఉంది.

ఈ విద్య మన హైదరాబాద్‌కూ అబ్బింది. సర్ సయ్యద్ మనవడు సర్ రాస్ మసూద్ గారు ఇక్కడ విద్యాశాఖ డైరెక్టరుగా ఉండి ఉస్మానియా యూనివర్శిటీ స్థాపనకు తోడ్పడ్డారు. ఉస్మానియా కూడా 1919లో అద్దె భవనాల్లోనే మొదలైంది. కాని అడిక్‌మెట్‌లో వందల ఎకరాలు తీసుకుని, ఇద్దరు ఇంజనీర్లను దేశదేశాల యూనివర్శిటీలు చూసి రమ్మని పంపి, ఆ తర్వాతే పక్కా ప్లాను వేశారు. 1934లో శంకుస్థాపన జరిగిన ఆర్ట్స్ కాలేజి 1939లో ప్రారంభమైంది.

మరి మన సంఘాల పద్ధతి ఏమిటి? చందా రాగానే ఒక గది, మరుసటి ఏడాది దాని మీద ఇంకో గది, ఆపైన రేకుల షెడ్డు. పదేళ్ళు తిరిగేసరికి పిల్లలు ఆడుకోవటానికి జాగా ఉండదు, ఆడపిల్లలకు వేరే దారి ఉండదు. అప్పుడు కట్టినదాన్నే కూలగొట్టాలి. అది కూడా ఖౌమ్ సొమ్మే గదా! సర్ సయ్యద్ జీవితంనుంచి మనం మూడు సంగతులు పట్టుకోవచ్చు. గది కట్టేముందు ఇరవై ఏళ్ళ తర్వాత వచ్చే పిల్లలను లెక్కవేసి ప్లాను గీయించాలి. పిల్లలు పెరిగినకొద్దీ ఆ ప్లానును మళ్ళీ ముందు వేసుకుని సరిచేసుకోవాలి, పెద్దలు గీశారని దాన్ని తాళం వేసి పెట్టకూడదు. లెక్కల పుస్తకం ఎంత నమ్మకస్తుడి చేతిలో ఉన్నా, ఏటేటా నలుగురి ముందు తెరవాలి. మొదటిది ఆయన చేసి చూపించారు. రెండోది ఆయన తర్వాతివారు చేశారు. మూడోది చేయకపోవటంవల్ల ఆయన చివరి రోజులు చేదయ్యాయి.

అల్లాహ్ తఆలా ఆ మర్హూమ్‌కు జన్నతులో ఉన్నత స్థానం ప్రసాదించుగాక. మన పిల్లల కోసం మనం వేసే ప్రతి పునాదిలో బర్కత్ ఇచ్చుగాక. ఆమీన్.