మితభాషిణి రేచల్ కార్సన్

న్యూజెర్సీ రాష్ట్రమునందలి పార్సిప్పనీ పట్టణమున ట్రాయ్ మెడోస్ అను విశాలమైన చిత్తడి నేల కలదు. 1967లో దానిని జాతీయ ప్రకృతి స్థలముగా గుర్తించిరి. అంతకు పదేండ్ల ముందు, 1957లో, చెట్ల ఆకులను తినివేయు గొంగళి పురుగులను చంపుటకై ఈ రాష్ట్రమునందును, ఇరుగుపొరుగు రాష్ట్రములందును విమానముల నుండి డి.డి.టి. అను మందును చల్లిరి. ఆ మందు పురుగులతో ఆగలేదు. ఈ సంగతిని లోకమునకు తెలియజెప్పినది నలుగురిలో నోరు విప్పుటకే జంకెడి ఒక రచయిత్రి.

కుమారి రేచల్ కార్సన్ 1907 మే 27వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రమందలి స్ప్రింగ్‌డేల్‌లో జన్మించెను. తల్లి వెంట పొలములలో తిరుగుచు పక్షులను గుర్తుపట్టుట నేర్చుకొనెను. పదకొండేండ్లకే ఆమె రచన ఒక బాలల పత్రికలో అచ్చయ్యెను. సాహిత్యము చదువవలెనని కళాశాలలో చేరి, జీవశాస్త్రమునకు మారెను. తండ్రి 1935లో గతించగా కుటుంబ భారము ఆమెపై పడెను. ప్రభుత్వ మత్స్యశాఖలో ఉద్యోగము చేయుచు, రాత్రులందు వ్రాసుకొనెడిది. 1951లో వెలువడిన ఆమె సముద్ర గ్రంథమునకు గొప్ప పేరు వచ్చెను. మరుసటి ఏడు ఉద్యోగము మాని, మెయిన్ రాష్ట్రపు సముద్ర తీరమున చిన్న యిల్లు కట్టుకొనెను. ఆమె కోరినది ఆ ఏకాంతమే.

1958 జనవరిలో మసాచుసెట్స్ నుండి ఒక స్నేహితురాలి లేఖ వచ్చెను. దోమల మందు చల్లిన పిమ్మట తన తోటలో పక్షులు చచ్చి పడియున్నవని అందలి సారాంశము. కార్సన్ తానుగా కలము పట్టలేదు. ప్రసిద్ధ రచయిత ఇ.బి. వైట్‌ను వ్రాయుమని కోరెను. ఆయన ఆ పని ఆమెయే చేయవలెనని బదులిచ్చెను. పిరికితనమని దీనిని కొందరు అనవచ్చును. తన స్వభావమెరిగిన మనిషి మొదట మరియొకరి వైపు చూచుట సహజమే.

నాలుగేండ్లు శ్రమించెను. ఆ కాలముననే తల్లి మరణించెను. అనాథయైన మేనకోడలి కుమారుని పెంపకము ఆమెపై ఉండెను. 1960లో రొమ్ము క్యాన్సరునకు శస్త్రచికిత్స జరిగెను. 1962లో 'సైలెంట్ స్ప్రింగ్' వెలువడెను. పురుగు నుండి చేపకు, చేప నుండి గ్రద్దకు విషము పోగగు తీరును ఆమె అందులో వివరించెను. చెరకు తోటలలో ఎలుకలను చంపుటకై తెచ్చిన ముంగిసలు పక్షుల గుడ్లను తినివేసిన సంగతి ఎరిగిన మన కుటుంబములకు ఈ మాట వింత కాదు.

రసాయన వ్యాపారులు ఆమెపై విరుచుకుపడిరి. శాస్త్రజ్ఞురాలు కాదనిరి, ఉద్రేకపరురాలనిరి. మందులన్నిటిని నిషేధింపుమని ఆమె యెన్నడును కోరలేదు. విచక్షణ లేక చల్లవద్దని మాత్రమే వాదించెను. 1963 ఏప్రిల్ 3వ తేదీన టెలివిజనులో ఆమె ఒక వైపు, తెల్లకోటు తొడిగిన అమెరికన్ సయనమిడ్ సంస్థ శాస్త్రజ్ఞుడు మరియొక వైపు కనబడిరి. ఆమె గొంతు పెంచలేదు. జూన్ 4వ తేదీన సెనేటు ఉపసంఘము ఎదుట సాక్ష్యమిచ్చెను. అప్పటికే వ్యాధి ముదిరియుండెను. విరోధులు దానిని తనకు వ్యతిరేకముగా వాడుకొందురని తలచి, ఆ సంగతి బయటకు పొక్కనీయలేదు. అన్నిటికంటె కష్టమైన మౌనము అదియే కావచ్చును.

1964 ఏప్రిల్ 14వ తేదీన, 56వ యేట, ఆమె కన్నుమూసెను. డి.డి.టి. వాడుకను అమెరికా ప్రభుత్వము 1972లో చాలవరకు నిషేధించెను. ఆ మందు వలన గ్రుడ్ల పెంకులు పలుచబడి పగిలిపోవుటచే న్యూజెర్సీలో తెల్లతల గ్రద్దల గూడు అప్పటికి ఒక్కటియే మిగిలియుండెను. 1980వ దశకమున కెనడా నుండి పిల్లలను తెచ్చి విడిచిరి. నేడు ఈ రాష్ట్రమున 200కు పైగా జంటలు గూళ్ళు కట్టుచున్నవి.